పాత నలుపు-తెలుపు టీవీలో బొమ్మ బాగుండి శబ్దం పాడైతే ఎక్కడి నుంచి వెతకాలి

మీరు రాసిన లక్షణాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. సెట్టు 1980ల నడుమ కొన్న 51 సెంటీమీటర్ల నలుపు-తెలుపు టీవీ. డీవీడీ ప్లేయరు నుంచి ఆర్.ఎఫ్. మాడ్యులేటరు (బొమ్మనూ శబ్దాన్నీ టీవీ ఛానెల్ సిగ్నలుగా మార్చే పెట్టె) ద్వారా యాంటెన్నా సాకెట్టుకు సిగ్నల్ ఇస్తున్నారు. బొమ్మ నిలకడగా వస్తోంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా స్పీకరులో సన్నగా హమ్మింగ్ వినిపిస్తోంది. తెర మీద తెల్లటి అక్షరాలు పడినప్పుడల్లా బర్రుమని ఇంకో రొద లేస్తోంది. అరగంట గడిచేసరికి మాటలు చీలిపోయి అర్థం కాకుండా పోతున్నాయి. మీకు తెలిసిన మెకానిక్ చూసి, సౌండ్ ఐసీ పోయిందని, అది ఇప్పుడు దొరకదని చెప్పి వెళ్లిపోయారు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి ఒక లోపం చూపిస్తున్న మూడు రూపాలు కావు, మూడు వేరు వేరు లోపాలు. అందులో ఒకటి అసలు టీవీలోనే లేకపోవచ్చు. ఐసీ పోయిందని చెప్పడానికి వీటిలో ఏదీ రుజువు కాదు. అందువల్ల ఐసీ కోసం వెతకడం, కాయిల్ కోర్లు (కాయిల్ లోపల తిరిగే ఫెర్రైట్ ముక్కలు) తిప్పడం, కనిపించిన కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేయడం ప్రస్తుతానికి మానుకోండి. పాత సెట్లు అసలు లోపం వల్ల కంటే, లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా చేసిన మరమ్మతు వల్లే ఎక్కువగా పాడవుతాయి. ఏ రొద ఎప్పుడు వస్తోంది, ఏ నాబ్ తిప్పితే మారుతోంది అన్నది చెవితో గమనించగలిగితే, వెనుక మూత తెరవకముందే సగం పని అయిపోతుంది.

మూత తెరిచే ముందు మాత్రం ఒక విషయం తప్పనిసరిగా తెలుసుకోవాలి. ఆ కాలంలో మన దేశంలో తయారైన చాలా సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. 230 వోల్టుల కరెంటును నేరుగా డయోడ్లతో రెక్టిఫై చేస్తారు, అంటే డీసీగా మారుస్తారు కనుక, ఛాసిస్ (సెట్టు లోపలి లోహపు చట్రం) మెయిన్స్‌లోని ఒక తీగకు కలిసి ఉంటుంది. ఒకే డయోడు ఉన్న సెట్టులో ప్లగ్గు ఒక వైపు పెడితే ఛాసిస్ న్యూట్రల్ మీద ఉంటుంది, తిప్పి పెడితే ఫేజ్ మీదికి వస్తుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉన్న సెట్టులో ప్లగ్గు ఎలా పెట్టినా ఛాసిస్ షాక్ కొడుతుంది. కాబట్టి సెట్టు ఆన్‌లో ఉండగా లోపల చేసే ఏ కొలతకైనా 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరిగా వాడండి. చాలామంది దగ్గర ఉండే సిరీస్ ల్యాంపు బోర్డు, అంటే 100 వాట్ల బల్బును వరుసలో పెట్టిన బోర్డు, ఎక్కడైనా షార్టు ఉంటే సెట్టును కాపాడుతుంది గాని మనిషిని కాపాడదు. ఈ రెండింటికీ తేడా తెలియక ప్రమాదాలు తెచ్చుకున్నవారు ఉన్నారు. స్విచ్ ఆపిన తరువాత కూడా మెయిన్ ఫిల్టర్ కండెన్సరులో 300 వోల్టుల ప్రాంతంలో చార్జి మిగిలి ఉండవచ్చు. పిక్చర్ ట్యూబుకు వెళ్లే లావుపాటి తీగలోనైతే వేల వోల్టులు ఉంటాయి. శబ్దం పనికి ఆ తీగ జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు. మీకు సోల్డరింగు, మల్టీమీటరు అలవాటు లేకపోతే మూత తీయకుండా చేయగల పరీక్షల దగ్గరే ఆగి, మిగతాది తెలిసినవారి చేత చేయించండి.

ఇప్పుడు మూడు రొదలను విడివిడిగా చూద్దాం. మొదట తెల్ల అక్షరాలతో పాటు లేచే రొదను తీసుకుంటాను, ఎందుకంటే దాన్ని తేల్చడానికి స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు. మన దేశపు పాత ప్రసార పద్ధతి పాల్-బి. ఇందులో బొమ్మ కారియరుకూ (బొమ్మను మోసుకొచ్చే రేడియో తరంగానికీ) శబ్దపు కారియరుకూ మధ్య ఫ్రీక్వెన్సీ దూరం 5.5 మెగాహెర్ట్జ్. టీవీలో ఈ రెండూ 38.9, 33.4 మెగాహెర్ట్జ్‌లుగా ఐ.ఎఫ్. (ట్యూనరు తరువాతి మధ్య ఫ్రీక్వెన్సీ) దశలోకి కలిసే వస్తాయి. వీడియో డిటెక్టరు దగ్గర రెండింటి తేడాగా 5.5 మెగాహెర్ట్జ్ పుడుతుంది. ఆ 5.5లోంచే సౌండ్ ఐ.ఎఫ్. ఐసీ మాటను వెలికితీస్తుంది. అంటే శబ్దం పుట్టాలంటే బొమ్మ కారియరు ఎప్పుడూ ఎంతోకొంత ఉండి తీరాలి. మన పద్ధతిలో మాడ్యులేషన్ నెగటివ్ కాబట్టి బొమ్మలో తెలుపు పెరిగే కొద్దీ కారియరు తగ్గుతుంది. అచ్చమైన తెలుపు దగ్గర కూడా సుమారు పది శాతం మిగలాలన్నది నియమం. వీడియో మరీ ఎక్కువ బలంతో మాడ్యులేటరులోకి వెళితే తెల్లని భాగాల్లో కారియరు దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ క్షణంలో 5.5 కూడా తెగిపోతుంది. ఇది ప్రతి ఫీల్డులోనూ, అంటే సెకనుకు 50 సార్లు, జరుగుతుంది గనుక మనకు బర్రుమని వినిపిస్తుంది.

కాబట్టి డీవీడీలో ముదురు దృశ్యం మీద పాజ్ చేసి వినండి. రొద పోయి, తెల్లని మెనూ తెరవగానే తిరిగి వస్తే అనుమానం మొదట మాడ్యులేటరు మీదికే వెళ్లాలి. చాలా మాడ్యులేటర్లలో వీడియో లెవెల్ ప్రీసెట్ (వీడియో బలాన్ని సరిచేసే చిన్న కంట్రోలు) ఒకటి ఉంటుంది, దాన్ని కొద్దిగా తగ్గించండి. అది లేకపోతే ప్లేయరు సెట్టింగుల్లో కాంట్రాస్టునో, బ్రైట్‌నెస్‌నో తగ్గించి చూడండి. దారిలో బూస్టరు ఏదైనా ఉంటే తీసేయండి. అతి బలమైన సిగ్నలు కూడా ట్యూనరునూ ఐ.ఎఫ్.నూ ముంచెత్తి ఇదే రొదను పుట్టిస్తుంది. ఫైన్ ట్యూనింగును కూడా నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి చూడండి. బొమ్మ అత్యంత స్పష్టంగా ఉన్న చోటికీ, రొద అతి తక్కువగా ఉన్న చోటికీ స్వల్ప తేడా ఉండవచ్చు. అలా ఉంటే రెండోదాన్నే ఎంచుకోండి.

మాడ్యులేటరు గురించే ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క కారణంతో మంచి సెట్లు ఎన్నో విప్పబడుతున్నాయి. బొమ్మకూ శబ్దానికీ మధ్య దూరం అన్ని దేశాల్లో ఒకటి కాదు. బ్రిటన్‌లో వాడిన ఐ పద్ధతిలో అది 6.0, చైనా, రష్యాల డి-కె పద్ధతిలో 6.5, అమెరికా ఎం పద్ధతిలో 4.5 మెగాహెర్ట్జ్. మాడ్యులేటరు వీటిలో దేనికో సెట్ అయి ఉంటే బొమ్మ చక్కగా వస్తుంది గాని స్పీకరులో బుస్సుమనే హోరు తప్ప మాట వినిపించదు. విదేశాల నుంచి తెచ్చిన వీసీఆర్లకూ, పాత వీడియో గేమ్ పెట్టెలకూ ఇది మరీ వర్తిస్తుంది. మెనూలోనో, అడుగున ఉన్న చిన్న స్విచ్చులోనో బి/జి (మన 5.5 మెగాహెర్ట్జ్ పద్ధతి) అన్నదాన్ని ఎంచుకోవాలి. మీ విషయంలో మొదటి అరగంట మాట స్పష్టంగానే ఉంటోంది కనుక ఇది మీ లోపం కాదు. ఇతరులకు పనికివస్తుందని రాశాను. దూరదర్శన్ భూతల అనలాగ్ ప్రసారాలు దాదాపు అంతటా ఆగిపోయినందున, ఈ సెట్లకు ఇప్పుడు సిగ్నలు ఇచ్చేది మాడ్యులేటర్లే. కొత్త మాడ్యులేటరు కొనేవారు, పాత సెట్టు ట్యూనరుకు 2 నుంచి 12 వరకు ఉన్న వీహెచ్ఎఫ్ ఛానెళ్లే అందుతాయన్నది గుర్తుంచుకుని, యూహెచ్ఎఫ్ మాత్రమే ఇచ్చేవాటిని తీసుకోకుండా ఉండాలి.

ఇక రెండోది, వాల్యూమ్ సున్నాలో ఉన్నా వినిపించే హమ్మింగ్. వాల్యూమ్ తగ్గించినా తగ్గలేదంటే అది వాల్యూమ్ కంట్రోలు తరువాతి భాగంలోనే, అంటే ఆడియో ఆంప్లిఫయరులోనో, దానికి వచ్చే కరెంటులోనో పుడుతోందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెయిన్స్ 50 హెర్ట్జ్, బొమ్మను పైనుంచి కిందికి గీసే వర్టికల్ దశ కూడా 50 హెర్ట్జే. రెండింటి రొదా చెవికి ఒకే స్వరంలో ఉంటుంది. వీటిని విడదీయడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. వాల్యూమ్ సున్నాలో ఉంచి, వెనకాల ఉండే వర్టికల్ హోల్డ్ నాబ్‌ను బొమ్మ మెల్లగా పైకో కిందికో దొర్లేంత వరకు తిప్పండి. రొద స్వరం దానితో పాటు మారినా, అలలు అలలుగా పెరిగి తగ్గుతున్నా అది వర్టికల్ దశ నుంచి వస్తోంది. ఏ మాత్రం మారకపోతే మెయిన్స్ నుంచి వస్తోంది. మెయిన్స్ హమ్మింగులోనూ ఒక తేడా ఉంది. ఒకే డయోడు ఉన్న సప్లైలో అది లోతుగా 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బ్రిడ్జి ఉన్నదానిలో 100 హెర్ట్జ్ కాబట్టి కొంచెం పైస్థాయిలో వినిపిస్తుంది.

రెండు సందర్భాల్లోనూ మొదటి అనుమానితుడు ఎలక్ట్రోలిటిక్ కండెన్సరే. నలభై ఏళ్లలో దానిలోని ద్రవం ఎండిపోతుంది. మామూలు మీటరులో కెపాసిటీ బాగానే చూపించినా లోపలి నిరోధం పెరిగి, సప్లైలోని అలలను అది అణచలేకపోతుంది. ఆ లోపలి నిరోధాన్ని కొలిచే ఈ.ఎస్.ఆర్. మీటరు ఉంటే బోర్డు మీద నుంచి తీయకుండానే తెలిసిపోతుంది. లేకపోతే పాత పద్ధతి ఉంది. సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, కండెన్సరులోని చార్జిని ఒక 5 వాట్ల రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, అంతే విలువ, అంతకు తగ్గని వోల్టేజి రేటింగు ఉన్న మంచి కండెన్సరును ప్లస్, మైనస్ సరిచూసుకుని దానికి సమాంతరంగా సోల్డర్ చేసి, అప్పుడు ఆన్ చేసి వినాలి. ఆన్‌లో ఉండగానే రెండు కాళ్లు తాకించి చూసే అలవాటు కొందరికి ఉంది. అలా పడే స్పార్కు ఒక్కటి చాలు, బాగున్న ఐసీ కూడా పోవడానికి. హమ్మింగ్ తగ్గితే పాతదాన్ని తీసేసి కొత్తది వేయండి. పాతదాన్ని ఉంచి దాని పక్కన కొత్తది తగిలించి వదిలేయకూడదు, అది ముందు ముందు లీకై షార్టు కావచ్చు.

ఆడియో ఆంప్లిఫయరుకు వచ్చే 12 నుంచి 16 వోల్టులు కొన్ని సెట్లలో మెయిన్ సప్లై నుంచి కాక లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, అంటే మనవాళ్లు ఈ.హెచ్.టి. అని పిలిచేదాని వైండింగు నుంచి ఒక డయోడు ద్వారా వస్తాయి. మీ సెట్టు అటువంటిదైతే ఆ డయోడు వెనుక ఉన్న కండెన్సరును కూడా వదలకండి.

మూడోది, అరగంట తరువాత మాట చీలిపోవడం. మెకానిక్ ఐసీని నిందించింది దీన్ని చూసే అయి ఉంటుంది, ఆ అనుమానం పూర్తిగా నిరాధారమని నేను అనను. అయితే తేల్చుకోవడానికి ఒక కొలత ఉంది. అప్పటి భారతీయ సెట్లలో ఆడియో అవుట్‌పుట్‌కు ఎక్కువగా కనిపించేది టీబీఏ 810, లేదా దానికి సమానంగా ఇక్కడ తయారైన సీఏ 810. రెండు పక్కలా రెక్కల్లాంటి లోహపు పలకలతో, పన్నెండు పిన్లతో ఉంటుంది. దానిలో 1వ పిన్ సప్లై, 12వ పిన్ అవుట్‌పుట్, 8వ పిన్ ఇన్‌పుట్. ఐసీ ఆరోగ్యంగా ఉంటే సిగ్నలు లేనప్పుడు 12వ పిన్ మీద 1వ పిన్‌లోని వోల్టేజిలో సరిగ్గా సగం ఉండాలి. ఉదాహరణకు సప్లై 14 వోల్టులైతే అవుట్‌పుట్ దగ్గర 7 వోల్టుల చుట్టూ ఉండాలి. సెట్టు ఆన్ చేసిన వెంటనే ఒకసారి, మాట చీలడం మొదలైన తరువాత ఇంకొకసారి ఈ రెండు పిన్లూ కొలవండి. ప్రోబ్ జారి పక్క పిన్‌కు తగలకుండా చూసుకోండి. నేనైతే మీటరు మైనస్‌ను క్లిప్పుతో గ్రౌండ్‌కు బిగించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేతితోనే కొలుస్తాను.

వేడెక్కిన తరువాత సప్లై నిలకడగా ఉండి 12వ పిన్ మాత్రం సగం నుంచి బాగా పక్కకు జరిగితే, లోపం ఐసీలోనైనా, దాని చుట్టూ ఉన్న కండెన్సర్ల లీకేజీలోనైనా ఉంది. ఆ ఐసీ చుట్టూ ఉండే మూడు చిన్న ఎలక్ట్రోలిటిక్‌లు, అంటే 4వ పిన్ దగ్గర బూట్‌స్ట్రాప్‌ది, 6వ పిన్ దగ్గర ఫీడ్‌బ్యాక్‌ది, 7వ పిన్ దగ్గర హమ్మింగును అణచడానికి పెట్టినది, చవకవే కనుక ఐసీకన్నా ముందు వాటిని మార్చండి. ముఖ్యంగా 7వ పిన్ కండెన్సరు ఎండిపోతే మీరు చెప్పిన వాల్యూమ్ సున్నా హమ్మింగు కూడా రావచ్చు. అప్పుడు రెండు లోపాలు ఒకేసారి తీరిపోతాయి. బూట్‌స్ట్రాప్‌ది ఎండిపోతే చిన్న శబ్దంలో బాగానే ఉండి వాల్యూమ్ పెంచగానే మాట చీలుతుంది. అలా కాక సప్లై వోల్టేజే వేడితో పాటు పడిపోతుంటే ఐసీని మరచిపోయి, సప్లైని నిలకడగా ఉంచే రెగ్యులేటరు వైపు వెళ్లండి.

12వ పిన్ సరిగ్గా సగంలోనే ఉండి మాట మాత్రం చీలుతుంటే, అప్పుడు ఐసీ రెక్కలను చూడండి. వాటికి వేడిని తీసుకుపోయే రాగి భాగం బోర్డు మీద ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడం వల్ల అక్కడి సోల్డరు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి వలయం ఏర్పడుతుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటారు. పక్క నుంచి టార్చి వేసి, భూతద్దంతో చూస్తే గాని కనిపించదు. రెక్కల వేడి బోర్డుకు చేరకపోతే ఐసీ తనను తాను కాపాడుకోవడానికి అవుట్‌పుట్‌ను కుదించుకుంటుంది, మాట తెగి తెగి వస్తుంది. పాత సోల్డరును పూర్తిగా పీల్చేసి, ఇసుక కాగితంతో కాక ఫ్లక్స్‌తో శుభ్రం చేసి, కొత్త సోల్డరు వేయండి. ఐసీ నిజంగానే పోయిందని తేలినా నిరుత్సాహపడనక్కరలేదు. టీబీఏ 810 కారు స్టీరియోల్లోనూ, టేప్ రికార్డర్లలోనూ విస్తారంగా వాడిన ఐసీ. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల పాత సరుకు నిలవ ఉండే దుకాణాల్లో అడిగి చూడండి, పాడైన పాత స్టీరియో బోర్డు మీద నుంచి తీసుకున్నా పనికివస్తుంది.

స్పీకరును కూడా ఈ దశలోనే నిర్ధారించుకోండి, ఎందుకంటే అదీ మాటను చీల్చగలదు. సెట్టు ఆపి, స్పీకరు ఒక తీగ విప్పి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని క్షణం పాటు తాకించండి. టక్కున స్పష్టంగా కొట్టుకోవాలి. కోన్ అంచులను రెండు వేళ్లతో సమంగా లోపలికి నెమ్మదిగా నొక్కండి. గరగరమని రాపిడి తెలిస్తే వాయిస్ కాయిల్ పక్కకు ఒరిగిపోయిందన్నమాట. మారిస్తే అదే ఇంపిడెన్సు ఉన్నది వేయాలి. 16 ఓమ్‌లది ఉన్నచోట 4 ఓమ్‌లది తగిలిస్తే ఐసీ మీద భారం పడుతుంది. ఇయర్‌ఫోన్ జాక్ ఉన్న సెట్లలో స్పీకరు కనెక్షను ఆ జాక్‌లోని రేకుల మీదుగానే వెళుతుంది. వాడకం లేక ఆ రేకులు చిలుము పడితే శబ్దం తగ్గుతుంది, కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోతుంది. ఒక ప్లగ్గును పదేపదే గుచ్చి తీసి చూడండి. అయితే పైన చెప్పినట్టు ఛాసిస్ మెయిన్స్‌కు కలిసి ఉండే సెట్టులో బయటి ఆంప్లిఫయరునో, ఫోనునో సెట్టు లోపలి ఆడియో పాయింటుకు నేరుగా కలిపే ఆలోచన మాత్రం ఎప్పుడూ చేయకండి.

వాల్యూమ్ కంట్రోలు తిప్పినప్పుడు గరగర వస్తే అందరూ దాన్ని కాంటాక్ట్ క్లీనరుతో కడుగుతారు, అది సరైన పనే. కానీ సౌండ్ ఐ.ఎఫ్.కు టీబీఏ 120ఎస్ వాడిన చాలా సెట్లలో ఆ కంట్రోలు గుండా శబ్దం వెళ్లనే వెళ్లదు. ఐసీ 5వ పిన్‌కు డీసీ వోల్టేజిని మాత్రమే అది మారుస్తుంది, శబ్దాన్ని తగ్గించేది ఐసీ లోపలే. అటువంటి సెట్టులో కంట్రోలు మధ్య ట్యాగు దగ్గర సిగ్నలు కోసం వెతికితే ఏమీ దొరకదు, దొరకలేదని వెనుక భాగాలన్నీ పాడైపోయాయనుకోవడం పొరపాటు. శబ్దం కోసం టీబీఏ 120ఎస్ 8వ పిన్ దగ్గర చూడాలి.

మీ సెట్టు కంటే పాతవి, అంటే 1970ల వాల్వు (గాజు గొట్టం) సెట్లు ఉన్నవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. పీసీఎల్ 82, పీసీఎల్ 86 వంటి వాల్వు అవుట్‌పుట్‌గా ఉన్న సెట్టులో వేడెక్కాక మాట చీలితే, వాల్వు కంటే ముందు దాని కంట్రోల్ గ్రిడ్‌కు వచ్చే కప్లింగ్ కండెన్సరును మార్చండి. అది లీకైతే గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజి చేరి వాల్వు అతిగా కరెంటు లాగి, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

ఇక మిగిలింది 5.5 మెగాహెర్ట్జ్ డిటెక్టరు కాయిల్. టీబీఏ 120ఎస్‌లో అది 7, 9 పిన్ల మధ్య, చతురస్రపు అల్యూమినియం డబ్బాలో ఉంటుంది. మాడ్యులేటరు సరిచేసినా బర్రుమనే రొద కొంత మిగిలి, మాటల్లో స, ష శబ్దాలు గీరినట్టు వినిపిస్తుంటేనే దాన్ని ముట్టుకోండి. ముందుగా కోర్ ఉన్న స్థానాన్ని సన్నని పెన్నుతో గుర్తుపెట్టుకోండి. ఇనుప స్క్రూడ్రైవరు కాకుండా ప్లాస్టిక్‌తో చేసిన ట్రిమ్మింగ్ టూల్ వాడండి, ఇనుము దగ్గరికి రాగానే కాయిల్ విలువే మారిపోతుంది, పైగా పాత ఫెర్రైట్ కోర్ పెళుసుగా ఉండి విరుగుతుంది. సంగీతం కాకుండా మనిషి మాట వచ్చే వార్తల వంటి డిస్కు పెట్టి, పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పి, మాట స్వచ్ఛంగా ఉండి రొద అతి తక్కువగా ఉన్నచోట ఆపండి. పావు చుట్టులో ఫలితం కనిపించకపోతే కోర్‌ను గుర్తు దగ్గరికే తెచ్చి వదిలేయండి. డబ్బాలోపల కాయిల్‌కు సమాంతరంగా ఉన్న చిన్న కండెన్సరు విలువ మారిపోయి ఉండవచ్చు, దానికి వేరే పద్ధతి ఉంది.

ముదురు దృశ్యంలో రొద పోయిందా లేదా, వర్టికల్ హోల్డ్ తిప్పితే హమ్మింగ్ స్వరం మారిందా లేదా, ఐసీల మీద ఉన్న నంబర్లు ఏమిటి, ఆడియో ఐసీ 1, 12 పిన్ల వోల్టేజి చల్లగా ఉన్నప్పుడు ఎంత, మాట చీలిన తరువాత ఎంత అన్నవి రాయండి. బోర్డు సోల్డరు వైపు ఫొటో పగటి వెలుతురులో తీసి పెడితే ఎక్కడ తిరిగి సోల్డరు వేయాలో గుర్తులు పెట్టి చూపిస్తాను.